అప్పు ఒకరిది, వసూలు మరొకరిది

షావుకారును గురించి మన సాహిత్యంలో కథలూ నాటకాలూ కొల్లలుగా వచ్చాయి. అతని వడ్డీ లెక్క, దొంగ దస్తావేజు, జప్తు మన సాహిత్య విద్యార్థులకు కంఠోపాఠమే. కాని అమెరికాలో ఇంటి తాకట్టు అప్పులను వసూలుచేసే కంపెనీని మన రచయితలు అంతగా పట్టించుకోలేదు. వేలాది తెలుగు కుటుంబాలు అక్కడ ఇళ్లు కొని నెలనెలా ఈ కంపెనీలకే వాయిదాలు కడుతున్నాయి. వాటి కాగితప్పనిలో కొంత హైదరాబాదు, బెంగళూరు కార్యాలయాల్లో మన యువకుల చేతులమీదుగానే సాగుతోంది. ఆర్థికశాస్త్రం నా వృత్తి కాకపోయినా ఈ చరిత్ర చెప్పాలనిపించడానికి ఇదే కారణం.

షావుకారు విషయంలో ఒక్క సంగతి గమనించాలి. అప్పిచ్చినవాడు, పత్రం పెట్టెలో దాచినవాడు, వాయిదా పుచ్చుకొని నోటు వెనక చెల్లు రాసేవాడు ఒక్కడే. దుర్మార్గుడైనా ఎదుట ఉండేవాడు. రైతుల రుణభారం తగ్గించడానికి 1938లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చి, అసలుకు రెట్టింపు ముట్టితే బాకీ తీరినట్లేనన్నప్పుడు, అది ఎవరికి తగులుతుందో ఇద్దరికీ తెలుసు.

అమెరికాలోనూ 1930కి ముందు ఇంటి అప్పు చాలావరకు కొద్ది సంవత్సరాల అప్పే. వడ్డీ కడుతూ పోయి, గడువు తీరగానే అసలంతా చెల్లించాలి, లేదా పత్రం తిరగరాయించుకోవాలి. 1929 సంక్షోభం తర్వాత తిరగరాసేవాడే కరువయ్యాడు. 1933లో రూజ్వెల్టు ప్రభుత్వం గృహయజమానుల రుణ సంస్థను స్థాపించి, సుమారు పది లక్షల అప్పులను దీర్ఘకాలపు నెలవాయిదాల కింద మార్చింది. ఇది ఉపకారమే. అయితే అదే సంస్థ గీసిన పటాల్లో నల్లజాతివారి పేటలకు ఎర్రరంగు పూశారు. ఆ రంగు ఉన్నచోట అప్పు పుట్టడం గగనమైపోయింది.

నెలవాయిదా పద్ధతితోపాటు మరొకటి వచ్చింది. అసలు, వడ్డీలతో కలిపి ఇంటిపన్నునూ బీమా రుసుమునూ కూడా నెలనెలా ముందుగానే వసూలుచేయడం. పన్ను బకాయిపడితే ప్రభుత్వ హక్కు తాకట్టు హక్కు కంటె ముందు నిలుస్తుంది గనుక అప్పిచ్చినవాడికి ఈ జాగ్రత్త అవసరమైంది. ఆ సొమ్ము 'ఎస్క్రో' ఖాతాలో ఉంటుంది. గడువుకు కంపెనీయే కట్టాలి. ఈవిధంగా గృహస్థు తన ఇంటి ఖర్చుల్లో పెద్దవాటిని తన చేతులతో కట్టుకొనే స్వేచ్ఛను వదులుకొన్నాడు. బీమా జారిపోయిందని కంపెనీ భావిస్తే, అంతకంటె ఖరీదైన బీమాను తానే కొని ఆ ఖర్చు అతని లెక్కలో వేయవచ్చు. ఖాతాలో అదనపు నిలవ ఏడాది చెల్లింపుల్లో ఆరోవంతు మించరాదని 1974 నాటి చట్టం హద్దు పెట్టింది. హద్దు ఎందుకు పెట్టవలసి వచ్చిందో పాఠకులు ఊహించగలరు.

అసలు చీలిక 1970లో మొదలైంది. ఇంటి అప్పులను మూటగట్టి, వాటిమీద ప్రభుత్వ హామీగల పత్రాలను మదుపుదార్లకు అమ్మసాగారు. అప్పిచ్చిన బ్యాంకు తన లాభం తాను పుచ్చుకొని తప్పుకొంది. హక్కు ముక్కూ మొహమూ తెలియని మదుపుదార్లకు పోయింది. వసూలు హక్కు అనే కొత్త సరుకు పుట్టి, కంపెనీ నుంచి కంపెనీకి అమ్ముడుపోతూ వచ్చింది. బదిలీ అయిన 60 రోజులలోపల పాత కంపెనీకి పొరపాటున కట్టిన వాయిదాను ఆలస్యమని లెక్కించరాదని 1990లో సవరణ చేశారు.

ఈ కంపెనీకి వచ్చే కూలి సాధారణంగా బాకీమీద ఏడాదికి నూటికి పావు డాలరు. రెండు లక్షల డాలర్ల బాకీకి 500 డాలర్లు. ఆ కూలితో యంత్రాలు పెట్టి వాయిదాలు పుచ్చుకోవచ్చు. ఉద్యోగం పోయిన మనిషి గోడు విని, లెక్కలు తిరగేసి, వాయిదా తగ్గించాలంటే గుమాస్తాలు కావాలి. గుమాస్తాలకు జీతాలు కావాలి. మరి ఆలస్యపు రుసుములో? అవి సాధారణంగా కంపెనీకే దక్కుతాయి. ఇల్లు వేలమైతే తన ఖర్చులు మదుపుదార్లకంటె ముందే రాబట్టుకొంటుంది. ఈ లెక్కలో దయకు పద్దు లేదు. అక్కడ కూర్చున్న గుమాస్తా స్వభావం మంచిదే కావచ్చు, దానివల్ల లెక్క మారదు.

2010లో గుట్టు బయటపడింది. కంపెనీ ఉద్యోగులు చదవకుండానే వేలాది ప్రమాణపత్రాల మీద సంతకాలు చేసి, వాటితో ఇళ్లు స్వాధీనం చేయిస్తున్నారని కోర్టుల్లో తేలింది. 2012లో అయిదు పెద్ద సంస్థలు ఫెడరల్ ప్రభుత్వంతోనూ 49 రాష్ట్రాలతోనూ సుమారు 2,500 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. ఇల్లు పోగొట్టుకొని అర్జీ పెట్టుకొన్నవారికి తలకు ముట్టింది దాదాపు 1,500 డాలర్లు. దానితో ఒకటి రెండు నెలల అద్దె గడుస్తుందేమో!

2014 జనవరి నుంచి కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. వాయిదా తప్పి 120 రోజులు దాటేవరకు సాధారణంగా జప్తు చర్య మొదలుపెట్టరాదు. తన బాకీ వసూలుదారును ఎంచుకొనే హక్కు మాత్రం గృహస్థుకు రాలేదు. "నా అప్పుకు అసలు హక్కుదారు ఎవరు?" అని అతను ఉత్తరం రాస్తే, పది పనిదినాల్లో కంపెనీ జవాబు చెప్పాలి.