కారు జి.పి.ఎస్. పరికరం

కారు జి.పి.ఎస్. పరికరం అనగా ఉపగ్రహాల నుండి వచ్చే సంకేతాల ద్వారా వాహనం ఉన్న చోటును గుర్తించి, తనలోని పటం ఆధారంగా చేరవలసిన ఊరికి దారి చూపే ఎలక్ట్రానిక్ సాధనం. దీనిని కారు నావిగేటర్ అని, శాట్‌నావ్ అని కూడా వ్యవహరిస్తారు. కారు అద్దానికి అతికించే విడి పరికరం, డాష్‌బోర్డులోనే అమర్చిన తెర, స్మార్ట్‌ఫోనులోని అప్లికేషన్ అనే మూడు రూపాలలో ఇది లభిస్తున్నది. ఉపగ్రహ సంకేతాలు అందరికీ ఉచితంగా అందుతాయి. కాబట్టి ఒక పరికరానికి, మరొక పరికరానికి గల ముఖ్యమైన తేడా దానిలోని పటంలోనే ఉన్నది. తెలంగాణలో 2016 తరువాత జిల్లాలు, మండలాలు, గ్రామ పంచాయతీలు పలుమార్లు మారినందున, పటం ఎంత కొత్తది అనే ప్రశ్న ఇక్కడ మరింత ముఖ్యమైనది. ఈ వ్యాసంలో మహబూబాబాద్ జిల్లాలోని దంతాలపల్లి పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఎంపిక విధానం వివరించబడినది.

పనిచేసే విధానం

జి.పి.ఎస్. (గ్లోబల్ పొజిషనింగ్ సిస్టమ్) అమెరికా ప్రభుత్వం నిర్వహించే వ్యవస్థ. దీని ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో, 6 కక్ష్యా తలాలలో తిరుగుతుంటాయి. వ్యవస్థ పనిచేయడానికి కనీసం 24 ఉపగ్రహాలు అవసరం. ప్రతి ఉపగ్రహంలోను అణు గడియారాలు ఉంటాయి. సంకేతం బయలుదేరిన సమయానికి, పరికరాన్ని చేరిన సమయానికి మధ్య తేడాను కాంతి వేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉన్నదో తెలుస్తుంది. తెలిసిన బిందువులు కేంద్రాలుగా చాపాలు గీసి, అవి ఖండించుకొనే బిందువును కనుగొనే పాఠశాల జ్యామితి వంటిదే ఈ పద్ధతి కూడా. పరికరంలోని మామూలు గడియారంలో దోషాన్ని కూడా సవరించుకోవలసి ఉన్నందున, స్థానం కచ్చితంగా తేలడానికి కనీసం 4 ఉపగ్రహాలు కావాలి.

గడియారంలో ఒక మైక్రోసెకను తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఉపగ్రహంలోని గడియారం భూమిమీది గడియారంకంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు నడుస్తుంది. ఈ తేడాను సవరించకపోతే ఒక్క రోజులోనే 10 కిలోమీటర్లకు పైగా దోషం పేరుకొంటుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఉపగ్రహం దారి చెప్పదు. అసలు ఆ పరికరం ఉన్నదని కూడా దానికి తెలియదు. పరికరానికి అందేది అక్షాంశం, రేఖాంశం లెక్కించుకోవడానికి కావలసిన సమాచారం మాత్రమే. ఆ బిందువు రోడ్డుమీద ఉన్నదా, చెరువుగట్టుమీద ఉన్నదా, ముందున్న కల్వర్టు నిలిచి ఉన్నదా అనేవి పటం చెప్పవలసిన సంగతులు.

చరిత్ర

ఉపగ్రహాలు లేకుండానే కారులో దారి చూపే ప్రయత్నం మొదలైనది. జపాన్‌లో హోండా సంస్థ 1981లో గైరోస్కోపుతో పనిచేసే ఎలక్ట్రో గైరోకేటర్ అనే పరికరాన్ని ప్రవేశపెట్టినది. జి.పి.ఎస్. మొదటి ఉపగ్రహం 1978 ఫిబ్రవరి 22న ప్రయోగింపబడినది. ఇది మొదట సైనికావసరాలకు ఉద్దేశించినది. 1983 సెప్టెంబర్ 1న దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చివేయగా 269 మంది మరణించారు. ఆ తరువాత ఈ వ్యవస్థను పౌరులకు కూడా అందుబాటులో ఉంచుతామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించాడు. జపాన్‌లో 1990లో వచ్చిన మజ్దా సంస్థవారి యూనోస్ కాస్మో కారులో జి.పి.ఎస్. ఆధారిత దారిసూచిక అమర్చబడినది. 1995లో వ్యవస్థ పూర్తి స్థాయిలో పనిచేయసాగినది.

అయినప్పటికీ పౌరులకు అందే సంకేతంలో అమెరికా కావాలనే కొంత దోషం కలిపేది. దానివలన స్థానంలో 100 మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000 మే 2న ఆ దోషాన్ని తొలగించడంతో, ఏ రోడ్డుమీద ఉన్నామో చెప్పగలిగే కారు పరికరాలు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. గార్మిన్, టామ్‌టామ్ వంటి సంస్థల పరికరాలు ఆ దశాబ్దంలో ప్రపంచమంతటా అమ్ముడయ్యాయి.

భారతదేశంలో

1995లో స్థాపించబడిన మ్యాప్‌మైఇండియా సంస్థ దేశపు రోడ్ల డిజిటల్ పటాలను తయారుచేసి, 2007లో కారు నావిగేటర్‌ను విడుదల చేసినది. హైదరాబాదుకు చెందిన శాట్‌నావ్ టెక్నాలజీస్ సంస్థ శాట్‌గైడ్ అనే దారిసూచిక సాఫ్ట్‌వేరును రూపొందించినది. స్మార్ట్‌ఫోన్లు వ్యాపించిన తరువాత విడి పరికరాల అమ్మకాలు బాగా తగ్గిపోయాయి.

పటాల తయారీకి చాలాకాలం అనేక అనుమతులు అవసరమయ్యేవి. 1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా దేశపు అధికారిక పటాల సంస్థ. 2005 జాతీయ పటాల విధానం ప్రకారం రక్షణ అవసరాలకు, ప్రజావసరాలకు వేర్వేరు పటాల వరుసలు ఏర్పడ్డాయి. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాలతో భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల అవసరం చాలావరకు తొలగిపోయినది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఆధ్వర్యంలో ఇస్రో వారి భువన్ పటాల వేదిక 2009లో ప్రారంభమైనది.

భారతదేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ పేరు నావిక్. దీని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న, ఏడవది 2016 ఏప్రిల్ 28న ప్రయోగింపబడ్డాయి. కొన్ని ఉపగ్రహాలలో అణు గడియారాలు చెడిపోయినందున వాటి స్థానంలో కొత్తవి పంపవలసి వచ్చినది. 2025 జనవరి 29న ప్రయోగించిన ఎన్.వి.ఎస్.-02 ఉద్దేశించిన కక్ష్యను చేరలేకపోయినది. కనుక నావిక్ సంకేతాలు అందుకొనే పరికరమైనా జి.పి.ఎస్.ను, ఇతర దేశాల వ్యవస్థలను కూడా అందుకోగలిగి ఉండాలి.

రకాలు

విడి పరికరం: పటం దీనిలోనే నిల్వ ఉంటుంది కాబట్టి సెల్ టవరు సంకేతం లేని చోట కూడా పనిచేస్తుంది. అయితే పటాన్ని కంప్యూటరు ద్వారా గానీ, వైఫై ద్వారా గానీ అప్పుడప్పుడు నవీకరించుకోవాలి.

కారులో అమర్చిన తెర: చూడడానికి అనుకూలమైనది. కొన్నింటిలో సొంత పటం ఉంటుంది. మరికొన్ని ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ద్వారా ఫోనులోని పటాన్నే తెరమీద చూపుతాయి. రెండవ రకానికి ఫోను తప్పనిసరి. ఈ తేడాను కారు కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

స్మార్ట్‌ఫోను: పటం తరచుగా మారుతుంది, రద్దీ కూడా తెలుస్తుంది. నెట్ లేని చోట్ల ఇబ్బంది కలుగుతుంది. ముందుగానే ఆ ప్రాంతపు పటాన్ని ఫోనులోకి దించుకొంటే ఈ లోపం చాలావరకు తీరుతుంది.

ట్రాకర్ అనేది వేరే సాధనం. అది వాహనం ఎక్కడున్నదో యజమానికి తెలియజేస్తుంది కాని డ్రైవరుకు దారి చూపదు. రెండింటినీ దుకాణాలలో "జి.పి.ఎస్." అనే పిలుస్తుండడంతో కొనుగోలుదారులు పొరబడే అవకాశం ఉన్నది.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

పటం వయసు

దంతాలపల్లి వరంగల్ నుండి తొర్రూరు, మరిపెడల మీదుగా ఖమ్మం వెళ్ళే రహదారిపై ఉన్నది. 2016 అక్టోబర్ 11కు ముందు ఇది వరంగల్ జిల్లా నర్సింహులపేట మండలంలోని గ్రామం. ఆనాటి పునర్వ్యవస్థీకరణలో ప్రత్యేక మండలమై మహబూబాబాద్ జిల్లాలో చేరినది. ఉమ్మడి వరంగల్ జిల్లా నుండి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి తదితర జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో భూపాలపల్లి జిల్లా నుండి ములుగు విడిపోయినది. 2021లో వరంగల్ పట్టణ జిల్లా హనుమకొండగా, వరంగల్ గ్రామీణ జిల్లా వరంగల్‌గా మారాయి. 2018లో అనేక తండాలు, గూడేలు కొత్త గ్రామ పంచాయతీలయ్యాయి.

ఈ మార్పులే పటాన్ని పరీక్షించడానికి మంచి ప్రశ్నపత్రం. దుకాణంలోనే పరికరాన్ని తెరిచి దంతాలపల్లి ఏ జిల్లాలో ఉన్నట్లు చూపుతున్నదో చూడవచ్చు. వరంగల్ అని వస్తే ఆ పటం 2016కు ముందరిది. మేడారం భూపాలపల్లి జిల్లాలో ఉన్నట్లు చూపితే 2019కి ముందరిది. హనుమకొండ జిల్లా కనిపించకపోతే 2021కి ముందరిది. జిల్లా పేరు పాతదైనంత మాత్రాన రోడ్డు తప్పు కానవసరంలేదు. కాని పేర్లనే సవరించని పటంలో కొత్త బైపాసులు, వంతెనలు చేరి ఉంటాయని ఆశించలేము. నవీకరణ ఎన్నేళ్ళు ఉచితం, ఆ తరువాత రుసుము ఎంత అనే విషయాలు కూడా పెట్టెమీద చూడాలి.

ఊరిపేర్లు, భాష

తెలుగు ఊరిపేర్లను ఆంగ్ల లిపిలో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్రాస్తారు. దంతాలపల్లిలోని "త" అక్షరానికి హెచ్ చేర్చేవారు, చేర్చనివారు ఉన్నారు. చివర "పల్లి" అని, "పల్లె" అని రెండు రూపాలు కనిపిస్తాయి. అక్షరం మారితే ఊరు దొరకని పరికరం పల్లెల ప్రయాణానికి పనికిరాదు. వెంకటాపురం వంటి పేర్లతో అనేక ఊళ్ళు ఉన్నందున, పేరు పక్కన మండలం, జిల్లా చూపే పరికరం మేలు. అనుమానం ఉన్నచోట అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఇవ్వగలిగే సౌకర్యం ఉపయోగపడుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో తెలుగు మాటలతో దారి చెప్పే సౌకర్యం 2018లో వచ్చినది. విడి పరికరాలలో తెలుగు గొంతు ఉన్నదో లేదో విడిగా విచారించుకోవాలి.

దారిని ఎంచుకొనే పద్ధతి

దంతాలపల్లి నుండి హైదరాబాదుకు తొర్రూరు, పాలకుర్తి, జనగామల మీదుగా వెళ్ళవచ్చు. సూర్యాపేట చేరి విజయవాడ రహదారిపై కూడా వెళ్ళవచ్చు. "తక్కువ దూరం" అని ఎంచుకొంటే పరికరం ఊళ్ళ మధ్యనుండి పోయే ఇరుకు దారిని చూపవచ్చు. "తక్కువ సమయం" అని ఎంచుకొంటే పెద్ద రహదారిని చూపుతుంది. మట్టిదారులను, టోల్ రోడ్లను వదలివేయమని చెప్పగలిగే సదుపాయం, రెండు మూడు దారులను పక్కపక్కన చూపే సదుపాయం ఉన్నవి ఎంచుకోవాలి.

నెట్ లేని చోట్లు

భూపాలపల్లి, ములుగు జిల్లాల అటవీ మార్గాలలో ఫోను సంకేతం సరిగా అందని చోట్లున్నాయి. రెండేళ్ళకొకసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరలో జనసందోహం వలన నెట్ నెమ్మదిస్తుంది. పైగా జాతర రోజులలో పోలీసులు ఒకవైపు దారులను నిర్ణయిస్తారు. అప్పుడు పరికరం చూపే దారి కంటే రోడ్డుపక్కన బోర్డు చూపే దారియే పాటింపదగినది.

తెర, బిగింపు, ఎండ

అద్దానికి అతికించే పరికరాలకు 5 నుండి 7 అంగుళాల తెర సాధారణం. మధ్యాహ్నపు ఎండలో అక్షరాలు కనిపించాలి. తెరను రోడ్డుకు అడ్డు రాకుండా, ఎయిర్‌బ్యాగు తెరుచుకొనే చోటుకు దూరంగా బిగించాలి. వేసవిలో మూసి ఉంచిన కారులో వేడి విపరీతంగా పెరుగుతుంది. ఆ వేడికి బ్యాటరీ ఉబ్బుతుంది, అద్దానికి పట్టిన రబ్బరు కప్పు జారిపోతుంది. కాబట్టి సులభంగా తీసి వెంట తీసుకొని వెళ్ళగలిగినది మంచిది.

పాత, విదేశీ పరికరాలు

జి.పి.ఎస్. సంకేతంలో వారాల సంఖ్య 0 నుండి 1023 వరకే ఉంటుంది. 1024 వారాలు నిండగానే అది మళ్ళీ సున్నాకు వస్తుంది. 1999 ఆగష్టులోను, 2019 ఏప్రిల్‌లోను ఇలా జరిగినది. తరువాత 2038 నవంబర్‌లో జరుగుతుంది. సాఫ్ట్‌వేరు నవీకరించని పాత పరికరాలు తప్పు తేదీని చూపుతాయి. కొన్ని ఉపగ్రహాలను వెదకడంలో కూడా తడబడతాయి. వాడిన పరికరాన్ని కొనేటప్పుడు ఆరుబయట పెట్టి తేదీ, సమయం సరిగా వచ్చాయో లేదో చూడడం తేలికైన పరీక్ష.

అమెరికా నుండి బంధువులు తెచ్చిన పరికరంలో సాధారణంగా ఆ ఖండపు పటమే ఉంటుంది. భారతదేశపు పటం ఆ నమూనాకు దొరుకుతుందని నిర్ధారించుకొన్న తరువాతనే తెప్పించుకోవాలి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపగలిగే పరికరాలను అనుమతి లేకుండా భారతదేశంలోనికి తేవడం, వాడడం చట్టవిరుద్ధం. సంకేతాలను అందుకోవడం మాత్రమే చేసే కారు నావిగేటర్లు ఈ కోవలోనికి రావు.

పరిమితులు, భద్రత

2024 నవంబర్ 24న ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ వద్ద నావిగేషన్ చూపిన దారిన వెళ్ళిన కారు, వరదకు కొంతభాగం కొట్టుకుపోయిన వంతెన మీదినుండి రామగంగా నదిలో పడి ముగ్గురు మరణించారు. పటంలో ఆ వంతెన ఇంకా నిలిచే ఉన్నది.

పటం సరైనదైనా వరద సంగతి దానికి తెలియదు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం వద్ద ఆకేరు వాగు ఉధృతికి కారు కొట్టుకుపోయి తండ్రీకుమార్తెలు మరణించారు. ఎంతటి ఖరీదైన పరికరమైనా అటువంటి సమయంలో తెరమీద మామూలు రోడ్డునే గీసి చూపగలదు. ఆకేరు, మున్నేరు, పాలేరు వంటి వాగులున్న ఈ ప్రాంతంలో వానాకాలం రాత్రివేళ పరికరాన్ని మాత్రమే నమ్మి లోలెవెల్ వంతెన దాటడం ప్రమాదకరం. రోడ్డుమీద నీరు కనిపిస్తే ఆగి, ఊరివారిని గానీ పోలీసులను గానీ అడగడం అవసరం.

2020 అక్టోబర్ 1 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నియమాల సవరణ ప్రకారం, వాహనం నడిపేటప్పుడు చేతి పరికరాలను దారి చూసుకోవడానికి మాత్రమే, అది కూడా ఏకాగ్రతకు భంగం కలగని విధంగా వాడవలెను. గమ్యాన్ని బయలుదేరడానికి ముందే నమోదు చేసుకొని, తరువాత గొంతు చెప్పే సూచనలను వినడం ఉత్తమం.

ఇవి కూడా చూడండి

దంతాలపల్లి
మహబూబాబాద్ జిల్లా
భారత సర్వేక్షణ సంస్థ
నావిక్
అక్షాంశాలు, రేఖాంశాలు