ఆరుగురికి ఒక అక్క

మెడికోల మానసిక ఆరోగ్యం మీద జరిగే సదస్సుల్లో ‘పీర్ సపోర్ట్’ను మొన్ననే కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే నాకు ఎముకల పెట్టె గుర్తొస్తుంది. 1970ల్లో కోస్తాలోని ఒక ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ చదివాను. అనాటమీకి కావలసిన హాఫ్ సెట్ ఎముకల్ని కొత్తగా కొనేవాళ్లు తక్కువ. పై క్లాసుకి వెళ్లిన అక్క దగ్గర్నుంచి మనకు, మన దగ్గర్నుంచి మరుసటేడు వచ్చే పిల్లకు. దాంతోపాటు అంచులనిండా పెన్సిలు రాతలున్న కనింగ్‌హామ్ డిసెక్షన్ పుస్తకం, వైవాలో ఏ ఎగ్జామినర్ ఏం అడుగుతాడన్న చీటీ, వీటన్నిటితో కలిపి ఆ అక్క. పెట్టె ఇచ్చిన మనిషికి మన మంచిచెడ్డలు పట్టేవి. ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు, లేడీస్ హాస్టల్లో రివాజు అంతే.

ఒంగోలు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం వెలగబెట్టి వచ్చిన నాకు శవాన్ని చూస్తే భయం వేయలేదు. ఇంగ్లీషును చూస్తే వేసింది. మా అక్కది కడప వైపు. రాత్రి భోజనాలయ్యాక తన మంచం మీద కూర్చోబెట్టి, భుజం ఎముక చేతికిచ్చి, “ముందు తెలుగులో చెప్పు పాపా, ఇంగ్లీషు సంగతి పొద్దున చూద్దాం” అనేది. ఏడుపొస్తే ఏడవనిచ్చేది. ఆ తర్వాత మళ్లీ ఎముకే.

పరీక్ష తప్పినవాళ్లది ఇంకా కష్టం. స్నేహితులంతా పై క్లాసుకి వెళ్లిపోతే వీళ్లు ‘ఆడ్ బ్యాచ్’ అయిపోయేవాళ్లు. మెస్‌లో ఎవరి పక్కన కూర్చోవాలో తెలిసేది కాదు. అలాంటి ఒక అమ్మాయిని రాత్రిళ్లు ఒంటరిగా ఉండనివ్వకుండా మా ఫ్లోర్ వాళ్లు ఆమె గదిలో వంతులేసుకుని పడుకున్నారు. వార్డెన్‌కి చెప్పలేదు. సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లే ఊసే లేదు. ఆ కబురు పెళ్లి సంబంధాల దాకా పోతుందని అందరికీ భయం. మా ఏర్పాటులోని లోపమూ అక్కడే ఉంది: ఓదార్పు దొరికేది గానీ రహస్యం నిలిచేది కాదు. పొద్దుటికల్లా హాస్టలంతటికీ తెలిసిపోయేది.

ముక్కూమొహం తెలియని మనిషికి ఫోన్ చేసి చెప్పుకునే పద్ధతి వేరే దారిలో పుట్టింది. 1953లో లండన్‌లో చాడ్ వారా అనే మతగురువు సమారిటన్స్ మొదలుపెట్టాడు. తన కోసం వచ్చి ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లకు టీ ఇచ్చి కబుర్లాడే వాలంటీర్ల వల్లే సగం బాధ తీరుతోందని ఆయనే గమనించాడు. 1970లో ఎసెక్స్ యూనివర్సిటీ విద్యార్థులు ‘నైట్‌లైన్’ పేరుతో ఆ పద్ధతిని చేతుల్లోకి తీసుకున్నారు. రాత్రంతా మేలుకుని ఫోనెత్తేది విద్యార్థులే. మన వైపు ఇలాంటివే చెన్నైలో స్నేహ 1986లో, హైదరాబాద్‌లో రోష్ని 1997లో వచ్చాయి. అయితే ఇవి ఊరందరివీ. కాలేజీ లోపల అక్క ఒక్కతే.

ఆ అక్క నిలబడ్డ నిచ్చెన మీదే ర్యాగింగూ నడిచింది. ముఖ్యంగా మగపిల్లల హాస్టళ్లలో రాత్రి బట్టలిప్పించినవాడే పొద్దున నోట్సులిచ్చేవాడు. అలాగే స్నేహాలు కలిశాయని వాదించే డాక్టర్లు నా తరంలో ఇప్పటికీ ఉన్నారు. నేనొప్పుకోను. నోట్సులివ్వడానికి ఏడిపించనక్కర్లేదు. మా అక్క ఏడిపించలేదు.

1997లో ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. శిక్షలు ఆర్నెల్ల జైలు నుంచి పదేళ్ల దాకా. అదే ఏడాది మెడికల్ కౌన్సిల్ మొదటి దశ చదువును పద్దెనిమిది నెలల నుంచి పన్నెండుకు కుదించింది. ఆ రెండో మార్పు గురించి ఎవరూ మాట్లాడరు గానీ, పిల్లలకు ఊపిరాడనివ్వనిది అదే. నిదానంగా తెలుగులో అర్థం చేసుకుని తర్వాత ఇంగ్లీషులోకి దిగే వ్యవధి పోయింది.

2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా మెడికల్ కాలేజీలో మొదటి ఏడాది విద్యార్థి ఒకడు సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. ఆ ఏడాదే యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. వాటిలో ఒకచోట కొత్తవాళ్లను సీనియర్లకు దూరంగా వేరే హాస్టల్లో ఉంచమంటారు. ఇంకోచోట ప్రతి సంస్థలోనూ విద్యార్థులే స్వచ్ఛందంగా చేరే మెంటారింగ్ సెల్ పెట్టమంటారు: ఆరుగురు కొత్తవాళ్లకు ఒక మెంటర్, ఆరుగురు మెంటర్లకు పై క్లాసు నుంచి ఇంకొక మెంటర్, అలా ఎన్ని బ్యాచ్‌లుంటే అన్ని మెట్లు. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. తలుపు మూసి, కిటికీలోంచి అక్కను లోపలికి పిలిచారన్నమాట. అయినా ఆ నిబంధన రాసినవాళ్లెవరో హాస్టల్లో పెరిగినవాళ్లే అయ్యుంటారు.

నేను చూసినంతలో అది చాలాచోట్ల నోటీసు బోర్డు మీదే ఉంది. ర్యాంకుల వారీగా ఆఫీసు తయారుచేసిన మెంటర్ల జాబితా దగ్గరికి ఎవరు పోతారు? పరీక్ష తప్పినవాడు గోల్డ్ మెడలిస్టుకు గోడు చెప్పుకోడు. ఒకసారి తప్పి లేచినవాళ్లు తమంతట తాము మెంటర్లుగా ముందుకొచ్చిన ఒక కాలేజీలో మాత్రం రాత్రి పదకొండింటికి కూడా పిల్లలు వచ్చి వాళ్ల తలుపు తట్టడం చూశాను. వాళ్లు పెట్టుకున్న కట్టుబాట్లు రెండు. విన్నది గది దాటకూడదు. చచ్చిపోవాలన్న మాట వినబడితే మాత్రం దాచకూడదు, ఆ మనిషిని వదలకుండా కూర్చుని సైకియాట్రీ డాక్టరుకో, ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కో వెంటనే చెప్పాలి. మా రోజుల్లో ఈ రెండూ లేవు.

ఎటొచ్చీ ఆ నిచ్చెన హౌస్‌సర్జన్ల దగ్గర ఆగిపోతుంది. 2024లో జాతీయ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ ఇచ్చిన నివేదిక చూడండి. ఆన్‌లైన్ సర్వేకి జవాబిచ్చిన 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థుల్లో సుమారు 16 శాతం, 5,337 మంది పీజీల్లో 31 శాతం తమకు ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నారు. పీజీకి సీనియర్ అంటే డ్యూటీలు వేసే మనిషి. వారానికి 48 గంటలని 1992లోనే కేంద్రం రెసిడెన్సీ ఉత్తర్వుల్లో రాసినా, ఏకబిగిన 36 గంటల డ్యూటీ ఇప్పటికీ మామూలే. ఆ డ్యూటీ వేసినవాడి దగ్గరికే వెళ్లి నిద్రపట్టడం లేదని ఎలా చెప్పుకుంటారు?

అందుకని పీజీలకు వేరే డిపార్ట్‌మెంట్ నుంచి మెంటర్ని పెట్టమని పిలిచినచోటల్లా అడుగుతున్నాను. సర్జరీ వాళ్లకు పెథాలజీ వాళ్లయితే బాగుంటుంది. వాళ్లు డ్యూటీ చార్టు వేయరు, రాత్రిళ్లు ఫోనెత్తే తీరికా ఉంటుంది.