కుట్టిన స్నాయుబంధనం, కదలిక: చేతి శస్త్రచికిత్సలో ఒక వివాద చరిత్ర

కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పీచుపోగుల పట్టీని స్నాయుబంధనం అంటారు. వేళ్లను ముడిచే స్నాయుబంధనాలు, సైకిల్ బ్రేకు తీగ తన గొట్టంలో కదిలినట్టు, ఇరుకైన తొడుగులో ముందుకూ వెనక్కూ జారుతూ పనిచేస్తాయి కనుక, తెగినవి తిరిగి అతుక్కోవడం ఒక్కటే చాలదు, అతుక్కున్నాక జారగలగాలి కూడా. ఈ రెండు అవసరాలూ పరస్పర విరుద్ధంగా కనిపించడమే దీర్ఘకాలం సాగిన ఒక వైద్య వివాదానికి మూలం.

క్రీ.శ. 2వ శతాబ్దంలో పెర్గమమ్‌లో గ్లాడియేటర్ల గాయాలకు చికిత్స చేసిన గాలెన్, స్నాయుబంధనంలో నాడీ పదార్థం కలిసి ఉంటుందనీ, దానికి సూది గుచ్చితే మూర్ఛలు వస్తాయనీ భావించాడు. తరువాత ఇబ్న్ సీనా వంటివారు కుట్టడాన్ని సమర్థించినా, గాలెన్ మాటకున్న పలుకుబడి ఐరోపాలో శతాబ్దాల పాటు తగ్గలేదు. 18వ శతాబ్దం మధ్యలో ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్ జంతువులపై ప్రయోగాలు చేసి, స్నాయుబంధనానికి నొప్పి తెలియదని చూపడంతో ఆ భయానికి ఆధారం పోయింది.

20వ శతాబ్దంలో అడ్డుపడినది భయం కాదు, అనుభవం. అరచేతి చివరి అడ్డగీత నుంచి వేలి నడిమి ఎముక వరకు రెండు స్నాయుబంధనాలు ఒకే తొడుగులో ఇరుక్కుని ఉంటాయి. అక్కడ కుట్టు వేస్తే మచ్చకణజాలం పెరిగి అన్నిటినీ కలిపి పట్టేసేది, వేలు కర్రలా బిగిసిపోయేది. అమెరికా శస్త్రవైద్యుడు స్టెర్లింగ్ బన్నెల్ ఆ భాగాన్ని, యుద్ధరంగంలో ఇరుపక్షాల కందకాల మధ్య ఎవరూ అడుగుపెట్టలేని చోటును గుర్తుచేసే ‘నో మ్యాన్స్ ల్యాండ్’ అనే పేరుతో పిలిచి, గాయమైన వెంటనే అక్కడ స్నాయుబంధనాన్ని కుట్టవద్దనీ, చర్మం మాత్రం మూసి, తరువాత మరోచోటి నుంచి తెచ్చిన స్నాయుబంధనాన్ని అమర్చాలనీ బోధించాడు. 1941లో మేసన్, ఆలెన్ కుక్కలపై చేసిన ప్రయోగాల్లో కుట్టిన చోటి బలం తొలి రోజుల్లో తగ్గి ఆ తరువాతే పెరుగుతుందని తేలడంతో, సుమారు మూడు వారాలు కదలకుండా కట్టి ఉంచాలన్న నియమం స్థిరపడింది. గాయం మానడానికి కావలసిన కణాలు బయటి కణజాలం నుంచే రావాలన్న 1960ల నాటి సిద్ధాంతం దానికి మరింత బలమిచ్చింది. ఆ లెక్కన వేలిని బిగించే అతుకులే గాయం మానడానికి తప్పనిసరి అవుతాయి.

1967లో లూయీవిల్‌కు చెందిన హెరాల్డ్ క్లైనెర్ట్ ఆ నిషిద్ధ భాగంలోనే వెంటనే కుట్టి, గోరుకు రబ్బరు పట్టీ కట్టి, రోగి వేలిని తానుగా చాపితే పట్టీ దాన్ని తిరిగి ముడిచే ఏర్పాటుతో సాధించిన ఫలితాలను వెల్లడించాడు. వేలిని ముడిచే కండరం శ్రమపడకుండానే కుట్టిన స్నాయుబంధనం జారడమే ఇందులోని కీలకం. నమ్మలేని తోటి వైద్యులు లూయీవిల్ వెళ్లి రోగుల చేతులను స్వయంగా పరీక్షించవలసి వచ్చింది. 1975లో డ్యురాన్, హౌసర్ మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల జారుడు చాలునన్నారు. కీళ్లలో ఉండే జిగురు ద్రవం నుంచే పోషణ పొంది స్నాయుబంధనం తన సొంత కణాలతో మానగలదని లుండ్‌బోర్గ్ కుందేళ్లపై చూపగా, త్వరగా కదిలించినవే ఎక్కువ బలంగా, తక్కువ అతుకులతో మానుతాయని 1980లలో గెల్బర్మన్ బృందం కుక్కలపై నిర్ధారించింది. మితమైన లాగుడు తగిలినప్పుడు కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు లాగుడు దిశలోనే వరుసకట్టడం ఇందుకు ఒక కారణం.

అయితే లాగుడు హద్దు దాటితే కుట్టు చివరలు విడిపోతాయి. ఆ ఎడం మూడు మిల్లీమీటర్లు మించితే బలం పుంజుకోవడం మందగిస్తుంది. అందుకే నేడు పెద్దవారికి తొలి వారంలోనే వైద్యుల పర్యవేక్షణలో వ్యాయామం మొదలుపెట్టినా, సూచనలు పాటించలేని చిన్నపిల్లలకు మాత్రం మూడు నాలుగు వారాలు కదలకుండా కట్టే ఉంచుతున్నారు.