బాలి టూర్: ప్యాకేజీయా, సొంతంగానా? వందేళ్ల నాటి స్టీమర్ టికెట్ కథ

ఈ మధ్య ఏ పెళ్లికి వెళ్లినా, ఏ పాత కొలీగ్ కలిసినా ఒకటే ప్రశ్న. "బాలి వెళ్దామనుకుంటున్నాం, ప్యాకేజీ తీసుకోమంటావా, సొంతంగా బుక్ చేసుకోమంటావా?" మామూలుగా అయితే ఫ్లైట్ ఇంత, హోటల్ ఇంత, కారు ఇంత అని లెక్క చెప్పేసి ఊరుకోవచ్చు. ఈ ఎపిసోడ్‌లో ఆ లెక్కలు లేవు. ఎందుకంటే నాన్న అడిగిన ఒక ప్రశ్న నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

రెండేళ్ల కిందట అమ్మానాన్నల్ని ప్యాకేజీలో బాలి తీసుకెళ్లాను. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. ఏజెంట్ పేరు వద్దులెండి, పాపం ఆయన చెప్పినవన్నీ చూపించాడు. పొద్దున్నే బటుబులన్‌లో గంట సేపు బారోంగ్ డాన్స్. తర్వాత చెలుక్‌లో వెండి షాపు, అక్కడ కూడా గంట! కాఫీ తోట, కింతామణిలో అగ్నిపర్వతం ఎదురుగా భోజనం, ఇంకో రోజు తనాలోట్‌లో సూర్యాస్తమయం. పూటపూటకీ ఇండియన్ రెస్టారెంట్, పప్పు అన్నం. అమ్మ హ్యాపీ. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్‌లో కూర్చున్నప్పుడు నాన్న అడిగారు: "అన్నీ బాగానే ఉన్నాయి గానీ రా, ఇంతకీ ఈ ఊరోళ్ల ఇళ్లు ఎక్కడ?"

ఐదు రోజులు తిరిగాం. ఒక్క ఇంటి గడప తొక్కలేదు.

నేను కోడ్ రాసి బతికినవాణ్ణి కాబట్టి నా బుర్ర ఒకలాగే పనిచేస్తుంది. ఒక లైను వింతగా కనిపిస్తే, అసలు దీన్ని ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని హిస్టరీ తవ్వుతాం కదా. ఈ రూటుకి కూడా అదే పని చేశా. మా వ్యాన్ కింతామణిలోనే ఎందుకు ఆగింది? తవ్వితే 1924లో తేలింది. ఇంకా కింద 1906 ఉంది.

ముందు 1906 చెప్తాను, ఎందుకంటే మా గైడ్ చెప్పలేదు. అప్పటికి డచ్చివాళ్ల చేతిలో ఉత్తర బాలి ఉంది, దక్షిణాన రాజులు ఇంకా లొంగలేదు. 1904లో సనూర్ తీరంలో ఒక ఓడ మునిగింది. దాని సరుకు మీవాళ్లే దోచారు, నష్టపరిహారం కట్టండి అని డచ్చివాళ్లు బాదుంగ్ రాజు మీద పడ్డారు. ఆయన కట్టనన్నాడు. 1906 సెప్టెంబర్ 20న డచ్ సైన్యం దెన్‌పసార్‌లోకి వచ్చింది. రాజు, ఆయన కుటుంబం, పరివారం తెల్లబట్టలు కట్టుకుని, నగలు పెట్టుకుని, చేతిలో కత్తులతో తుపాకులకు ఎదురు నడిచారు. వందల మంది పోయారు. దాన్ని పుపుతాన్ అంటారు. 1908లో క్లుంగ్‌కుంగ్‌లో మళ్లీ అదే జరిగింది. దాంతో ద్వీపం మొత్తం డచ్చివాళ్లది అయిపోయింది.

ఆ వార్త యూరప్‌కి చేరి డచ్చివాళ్ల పరువు పోయింది. ఇప్పుడు మనం ఈ సంస్కృతిని కాపాడేవాళ్లం అని చూపించుకోవాల్సిన అవసరం పడింది. ఇంకోవైపు కేపీఎం అని వాళ్ల స్టీమర్ కంపెనీ ఒకటుంది. ఇండోనేషియా దీవులన్నిటి మధ్య సరుకు, మనుషుల రవాణా దానిదే. బాలి నుంచి సింగపూర్‌కి పందుల్ని తీసుకెళ్లే ఓడను జనం 'బాబి ఎక్స్‌ప్రెస్' అని పిలిచేవారు, బాబి అంటే వాళ్ల భాషలో పంది. ఆ కంపెనీకే టూరిస్టులు కూడా మంచి సరుకే అని అర్థమైంది. 1914లో బాలి బ్రోషర్లు వచ్చాయి. 1924లో వారం వారం స్టీమర్ మొదలైంది: బటావియా, సురబయా నుంచి ఉత్తర తీరంలోని బులెలెంగ్ రేవుకి.

ఇప్పుడు టైమ్‌టేబుల్ చూడండి. శుక్రవారం పొద్దున ఓడ దిగాలి. కారెక్కి కొండ మీదుగా దక్షిణానికి రావాలి, గుళ్లు, డాన్సులు చూడాలి. ఆదివారం సాయంత్రం మళ్లీ అదే ఓడ. వీకెండ్ ప్యాకేజీ అన్నమాట, వందేళ్ల కిందటే!

మరి రాత్రి పడుకునేది ఎక్కడ? పసంగ్రహాన్‌లలో. అంటే డచ్ అధికారులు క్యాంపుకి వెళ్లినప్పుడు బస చేయడానికి కట్టిన బంగళాలు. మన దగ్గర పాత తాలూకా ఊళ్లలో ట్రావెలర్స్ బంగళా ఉండేది చూడండి, అచ్చం అదే. ఆ గదుల్నే టూరిస్టులకి ఇవ్వడం మొదలుపెట్టారు. కింతామణిలో ఒకటి ఉంది. తర్వాత కంపెనీ దాన్ని బాగుచేయించింది కూడా. ఉత్తరం నుంచి దక్షిణానికి వచ్చే కారు అక్కడ ఆగుతుంది, ఎదురుగా బటూర్ అగ్నిపర్వతం. మా వ్యాన్ ఆగింది కూడా అక్కడే కదా. ఓడ పోయింది, రేవు పోయింది, విమానం వచ్చి దక్షిణాన దిగుతోంది, అయినా ఆ స్టాపు అలాగే ఉండిపోయింది.

ఇక 1928లో కంపెనీ దెన్‌పసార్‌లో బాలి హోటల్ కట్టింది. ఎక్కడ కట్టారో తెలుసా? 1906లో ఆ జనం ప్రాణాలిచ్చిన చోటే. ఇది చదివినప్పుడు కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

అప్పట్లో కూడా "మేం అలాంటి టూరిస్టులం కాదు" అనే బ్యాచ్ ఉంది. వాల్టర్ స్పీస్ అని జర్మన్ పెయింటర్, 1927లో వచ్చి ఉబుద్‌లో స్థిరపడ్డాడు. ఉబుద్ రాజకుటుంబం ఆదరించింది. చార్లీ చాప్లిన్ దగ్గర్నుంచి మెక్సికన్ చిత్రకారుడు కొవారుబియాస్ దాకా ఎంతోమంది ఆయన గెస్టులే. వీళ్లకి నిజమైన బాలి కావాలి, ప్యాకేజీ బాలి వద్దు. సరే, కానీ వీళ్లకి ఆ నిజమైన బాలిని చూపించింది ఎవరు? స్పీసే! ఇప్పుడు మనం టికెట్ కొని చూసే కెచక్ ఉంది చూడండి, వందమంది మగవాళ్లు చుట్టూ కూర్చుని చక్ చక్ అనేది. ఒక పూజా తంతులోని గానాన్ని తీసి, రామాయణం కథ కలిపి, ఆ రూపంలోకి తెచ్చింది 1930లలో బాలి కళాకారులతో కలిసి ఈయనే. అంటే కంపెనీ గైడ్ వద్దనుకున్నవాళ్లకి ఇంకో గైడ్ దొరికాడు, కాస్త క్లాస్ గైడ్. అంతే తేడా.

తర్వాత యుద్ధం, స్వాతంత్ర్యం, అవన్నీ వేరే ఎపిసోడ్ విషయాలు. ఒక్కటి మాత్రం దాటలేను. 1965 చివర్లో కమ్యూనిస్టులన్న పేరుతో జరిగిన హత్యాకాండలో బాలిలో సుమారు 80 వేల మంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఏడాది తిరక్కుండా, 1966లో, సనూర్ బీచ్‌లో పది అంతస్తుల బాలి బీచ్ హోటల్ తెరిచారు, జపాన్ ఇచ్చిన యుద్ధ పరిహారంతో కట్టింది. ఆ ఎత్తు చూసి బాలి జనానికి ఒళ్లు మండింది. ఆ తర్వాత కొబ్బరిచెట్టుని మించి ఏ బిల్డింగూ లేవకూడదని రూల్ పెట్టారు.

అసలు పోటీ మొదలైంది ఇక్కడే. 1969లో ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ వచ్చింది. 1971లో సెటో అనే ఫ్రెంచ్ కన్సల్టెంట్లు, ప్రపంచ బ్యాంకు పర్యవేక్షణలో ఒక మాస్టర్ ప్లాన్ ఇచ్చారు. నూసా దువా అని దక్షిణ కొసన ఎండిపోయిన నేల, కొబ్బరి తోటలు, పెద్దగా పంటల్లేవు. అక్కడ 425 హెక్టార్లలో పెద్ద హోటళ్లు కట్టండి. టూరిస్టుల్ని అక్కడే పడుకోబెట్టండి. పగలు బస్సుల్లో కొన్ని రూట్లలోనే తిప్పి, సాయంత్రానికి వెనక్కి తెచ్చేయండి. డబ్బు ద్వీపానికి రావాలి, టూరిస్టు మాత్రం ఊళ్లలోకి రాకూడదు, సంస్కృతి చెడిపోతుంది. ఇదీ ఐడియా. నాన్న ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడ దొరికింది. మాకు ఇళ్లు కనిపించకపోవడం పొరపాటు కాదు, డిజైన్.

ప్లాన్ గీసినవాళ్లు ఒక మనిషిని మర్చిపోయారు. కుటాలో దిగిన జుట్టుగాడు. చేతిలో డబ్బుల్లేవు, ఓ బ్యాగు, ఓ సర్ఫింగ్ బోర్డు. వాడికి నూసా దువా హోటల్ ఎందుకు? కుటా జాలరుల ఊరు, పేద ఊరు. వాళ్లు ఇంటి ఆవరణలో నాలుగు గదులు వేసి, పొద్దున టీ, అరటిపండు పెట్టి అద్దెకిచ్చారు. వీటిని లోస్‌మెన్ అంటారు. నూసా దువాలో మొదటి పెద్ద హోటల్ 1983లో గానీ తెరవలేదు, అదీ గరుడ ఎయిర్‌లైన్స్ గ్రూపుది. ఈ పన్నెండేళ్లలో కుటా తనంతట తానే పెరిగిపోయింది. కన్సల్టెంటు లేడు, బ్యాంకు లేదు. గది అద్దె నేరుగా ఆ ఇంటి ఆడవాళ్ల చేతికే వచ్చేది.

ఇక్కడ ఆపేస్తే సోలో ట్రావెల్ చేసేవాళ్లు చప్పట్లు కొడతారు. ఆగండి. 1972లో లండన్ నుంచి ఆస్ట్రేలియాకి భూమార్గాన బయల్దేరిన టోనీ, మౌరీన్ వీలర్ దంపతులు బాలి దాకా వచ్చి, అక్కడ ఒక పడవ ఎక్కి ఆస్ట్రేలియా చేరారు. వాళ్లే లోన్లీ ప్లానెట్ పెట్టింది. 1975లో ఆగ్నేయాసియా మీద వాళ్ల పసుపు అట్ట పుస్తకం వచ్చింది. ఆ తర్వాత స్వేచ్ఛగా తిరిగే ప్రతివాడి బ్యాగులో అదే పుస్తకం, అందులో ఉన్న అదే లోస్‌మెన్, అదే అరటి ప్యాన్‌కేక్. ఇప్పుడు పుస్తకం బదులు రీల్స్. ఊయల, గేటు, జలపాతం. గేటు దగ్గర ఫోటో కోసం గంటల క్యూ! నేను కూడా నిలబడ్డానండోయ్, అబద్ధం ఎందుకు. పైగా కుటాలో భూమి ధర పెరిగి, బయటివాళ్ల పెట్టుబడి దిగాక, ఆ నాలుగు గదుల ఇళ్లలో చాలావాటి చోట షాపులు, క్లబ్బులు లేచాయి. 2002 అక్టోబర్ 12 బాంబు దాడి జరిగింది కూడా ఆ కుటా క్లబ్బుల దగ్గరే, 202 మంది పోయారు.

ఇప్పుడు ఏడాదికి 60 లక్షలకు పైగా విదేశీయులు వస్తున్నారు. 2023లోనూ, 2024లోనూ ఆస్ట్రేలియా తర్వాత ఎక్కువ మంది మనవాళ్లే. అందుకే అంటున్నా, ప్యాకేజీయా సొంతంగానా అని అడిగేముందు, ఈ రూటు ఎవరు గీశారు, నా డబ్బు రాత్రికి ఎవరి ఇంట్లో ఉంటుంది, ఈ రెండూ అడగండి. సొంతంగా వెళ్లి పెద్ద చైన్ హోటల్లో దిగితే ప్యాకేజీ కంటే మీరు పొడిచిందేమీ లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మని స్కూటర్ మీద తిప్పడం కూడా ఘనకార్యం కాదు. పెద్దవాళ్లతో అయితే ఊరివాడి కారు రోజు లెక్కన మాట్లాడుకుని, ఇంటివాళ్లు నడిపే గదిలో దిగమంటాను నేను.

పోయిన ఏడాది నాన్నని మళ్లీ తీసుకెళ్లాను, ఈసారి అలాగే. ఉబుద్ దాటాక పొలాల మధ్య ఒక ఇల్లు. వాళ్లది వరి. అక్కడ నీళ్ల పంపకం సుబక్ అనే రైతు సంఘాలు చూస్తాయి, గుడిని ఆధారం చేసుకుని, ఏ మడికి ఎప్పుడు నీరు అని. యునెస్కో 2012లో దాన్ని వారసత్వ జాబితాలో పెట్టింది. నాన్నకి యునెస్కోతో పనిలేదు. కాలువ కింద వ్యవసాయం చేసిన మనిషి. ఇంటాయనకి ఇంగ్లీషు కొంచెం, నాన్నకి అదీ లేదు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని చేతులతో మాట్లాడుకున్నారు. నన్ను మధ్యలో పిలిచి నాన్న ఒకే ఒక్క మాట అనువాదం చేయమన్నారు: "చివరి మడి వాడికి నీళ్లు అందకపోతే ఏం చేస్తారో అడుగు."

ఆయన చాలాసేపు చెప్పాడు. అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను మరి.