కొత్త కారు తీసుకుంటున్నారా? డెలివరీకి ముందు తనిఖీ (పీడీఐ) మీ కళ్లతో చూసుకోండి

కొత్త బండి అంటే లోపం ఉండదనుకుంటాం. కానీ ఫ్యాక్టరీలో తయారైన కారు కంటెయినర్ లారీలో వందల కిలోమీటర్లు ప్రయాణించి, డీలర్ స్టాక్‌యార్డులో వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఎండకు వానకు నిలబడుతుంది. ఈ మధ్యలో గీతలు పడొచ్చు, బ్యాటరీ దిగిపోవచ్చు, ఎలుకలు వైర్లు కొరకొచ్చు. అందుకే కస్టమర్‌కు ఇచ్చే ముందు డీలర్ చేయాల్సిన తనిఖీనే పీడీఐ అంటారు.

పండగ సీజన్లో ఒకే రోజు పదుల బండ్లు డెలివరీ ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఈ తనిఖీ కాగితం మీద టిక్కులకే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. వడ్డీ వద్దనుకుని ఏళ్ల తరబడి కూడబెట్టి, మొత్తం సొమ్ము ఒకేసారి కట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. డబ్బంతా చేతులు మారాక మన మాటకు బలం తగ్గుతుంది.

ఎప్పుడు చూడాలి?

బిల్లు, ఇన్సూరెన్స్, తాత్కాలిక రిజిస్ట్రేషన్ (టీఆర్) కాకముందే. ఒకసారి ఛాసిస్ నంబరు మీ పేరు మీద ఎక్కితే "వేరే బండి ఇవ్వండి" అనడం చాలా కష్టం. బుకింగ్ రోజే ఈ మాట రాయించుకోండి. పగటి వెలుతురులో, కడిగి ఆరిన బండినే చూడండి. రాత్రి షోరూం లైట్ల కింద చిన్న సొట్టలు కనపడవు.

ఏమేం చూడాలి?

• ఛాసిస్ నంబరు (17 అక్షరాలు, అంకెలు), ఇంజిన్ నంబరు బండి మీదా కాగితాల్లోనూ ఒకటేనా? తయారైన నెల, సంవత్సరం ఫారం 21లో ఉంటుంది. డిసెంబరులో తయారైన బండిని జనవరిలో కొన్నా, అమ్మేటప్పుడు ఏడాది పాతదిగానే లెక్కేస్తారు.
• టైరు పక్క గోడ మీద నాలుగంకెల కోడ్. 2325 అంటే 2025లో 23వ వారం. స్టెప్నీతో కలిపి ఐదూ చూడండి.
• పెయింట్ రంగు అన్ని తలుపుల మీద ఒకేలా ఉందా? రబ్బరు అంచుల మీద పెయింట్ చుక్కలు, బానెట్ బోల్టుల మీద స్పానర్ గుర్తులు ఉంటే రిపేరు జరిగిందేమో గట్టిగా అడగండి.
• మ్యాట్ ఎత్తి చూడండి. తడి, బురద, ముక్క వాసన ఉంటే నీళ్లు చేరినట్టే.
• ఇంజిన్ ఆయిల్, కూలెంట్ మట్టం. బండి కింద చుక్కలు కారిన మరకలు.
• ఏసీ, లైట్లు, వైపర్లు, అద్దాలు, అన్ని సీటు బెల్టులు, రెండు తాళాలు, జాకీ, స్పానర్లు.
• ఓడోమీటర్ రీడింగ్. వందల కిలోమీటర్లు చూపిస్తే కారణం అడగండి.

సంతకం పెట్టిన పీడీఐ షీటు కాపీ, ఫారం 22 (రోడ్డు యోగ్యత పత్రం) తీసుకోండి. డీలర్ చెప్పిన చోటే ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు.

లోపం కనపడితే?

"తర్వాత సర్వీసులో చేసేస్తాం సార్" అన్న నోటి మాట చాలదు. ఫొటో తీసి, ఏం సరిచేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో ఈమెయిల్లో రాయించండి. అది తేలేవరకు "బండి బాగున్న స్థితిలో అందింది" అన్న డెలివరీ నోటు మీద సంతకం పెట్టకండి.

ఫిఖహ్‌లోనూ ఇదే పద్ధతి. సరుకులో ఐబ్ ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. దాచిన లోపం తర్వాత బయటపడితే తిరిగిచ్చే హక్కు కొన్నవాడిది. దాన్నే ఖియార్ అల్ ఐబ్ అంటారు. తెలిసి, ఒప్పుకుని తీసుకుంటే మాత్రం ఆ హక్కు పోతుంది.

డీలర్ వినకపోతే ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు రాయండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపయితే, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపు కేసు వేయొచ్చు. అప్పుడు మీకు పనికొచ్చేవి ఆ షీటు, ఆ ఫొటోలు, ఆ ఈమెయిలే.