పర్యావరణ నాటిక

పర్యావరణ నాటిక అనగా నీరు, అడవి, నేల, ఇంధనం, చెత్త, వాతావరణ మార్పు వంటి అంశాలను ఇతివృత్తంగా తీసుకొని స్వల్ప వ్యవధిలో ప్రదర్శించే రూపకం. దీని నిడివి సాధారణంగా ఐదు నిమిషాల నుండి అరగంట వరకు ఉంటుంది. రంగస్థలం, తెరలు, దీపాలంకరణ తప్పనిసరి కావు. నాలుగు వీధుల కూడలి, సంత, బడి ఆవరణ, పంచాయతీ కార్యాలయం ముందరి ఖాళీ స్థలం, ఎక్కడైనా ప్రదర్శించవచ్చును. భారతదేశంలో ఈ ప్రక్రియ వ్యాప్తికి కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980లో ఆరంభించిన శాస్త్ర కళాజాతా ఎంతగానో తోడ్పడింది.

== పేరు, పరిధి ==

తెలుగులో నాటిక అనే మాటను నాటకం కంటే చిన్నదైన రూపకానికి వాడుతారు. నాటక పరిషత్తుల పోటీలలో ప్రదర్శించే నాటికలు తరచుగా గంటసేపు సాగుతాయి. పర్యావరణ నాటికలు అంతకంటే చిన్నవి. వీధుల్లో ఆడేవాటిని వీధి నాటికలు అని కూడా పిలుస్తారు. అయితే యక్షగాన సంప్రదాయానికి చెందిన ప్రాచీన వీధి నాటకం వేరు, ఆధునిక ప్రచార రూపమైన వీధి నాటిక వేరు.

== పూర్వరంగం ==

ప్రకృతి వనరుల గురించిన సంఘర్షణ నాటకరంగానికి కొత్త కాదు. నార్వే రచయిత హెన్రిక్ ఇబ్సెన్ 1882లో రచించిన "ప్రజాశత్రువు" నాటకంలో, ఊరికి ఆదాయం తెచ్చే స్నానఘట్టాల నీరు కలుషితమైందని వెల్లడించిన వైద్యుడిని ఊరే వెలివేస్తుంది. సత్యజిత్ రాయ్ దీనిని 1989లో "గణశత్రు" అనే చలనచిత్రంగా మలచి, కలుషిత జలాన్ని దేవాలయ తీర్థంగా మార్చాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1922లో ప్రచురించిన "ముక్తధార" నాటకంలో, పొరుగు ప్రజలను లొంగదీసుకోవడానికి నీటికి కట్టిన అడ్డుకట్టను యువరాజు తన ప్రాణాలను బలిపెట్టి ఛేదిస్తాడు.

ఇవి పూర్తి నిడివి నాటకాలు. రంగస్థలానికి రాని ప్రేక్షకుల వద్దకు నాటకమే వెళ్ళవలసి వచ్చినప్పుడు చిన్న రూపం అవసరమైంది. పనికి పోయేవారు దారిలో ఆగి చూడగలిగినంత వ్యవధి, సంచిలో పట్టేటంత సామగ్రి ఈ రూపానికి హద్దులు.

== కేరళ శాస్త్ర కళాజాతా ==

కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1962లో ఏర్పడింది. విజ్ఞానశాస్త్రాన్ని మలయాళంలో సామాన్యులకు అందించడం దీని తొలి లక్ష్యం. పాలక్కాడు జిల్లాలోని సైలెంట్ వ్యాలీలో, కుంతిప్పుళ నదిపై తలపెట్టిన 120 మెగావాట్ల జలవిద్యుత్ పథకానికి 1973లో ప్రణాళికా సంఘం ఆమోదం లభించింది. సింహపు తోక కోతులకు ఆవాసమైన వర్షారణ్యం ఈ పథకం వలన ముంపునకు గురయ్యే ప్రమాదం ఏర్పడింది. విద్యుత్తు కావాలా, అడవి కావాలా అన్న ప్రశ్నపై రాష్ట్రంలో తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. పరిషత్తు పథకం లాభనష్టాలను అధ్యయనం చేసి నివేదిక ప్రచురించింది. సుగతకుమారి మొదలైన కవులు అడవి పక్షాన నిలిచారు.

ఈ వివాదం కొనసాగుతున్న కాలంలోనే, 1980లో, తొలి శాస్త్ర కళాజాతా బయలుదేరింది. ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు స్వచ్ఛందంగా బృందాలుగా ఏర్పడి, శిక్షణా శిబిరంలో నాటికలు, పాటలు నేర్చుకొని, రోజుకు పలుచోట్ల ఆగుతూ ప్రదర్శనలిచ్చేవారు. విల్లుపాట, ఓట్టన్ తుళ్ళల్ వంటి జానపద, సంప్రదాయ రూపాలను ఇందులో ఉపయోగించుకున్నారు. ఆతిథ్యమిచ్చే గ్రామాలలో పరిషత్తు పుస్తకాలను అమ్మి, ఆ రాబడితో యాత్ర ఖర్చు భరించేవారు. అందువలన నాటిక చూసిన గ్రామంలో చదువుకొనడానికి పుస్తకం కూడా మిగిలేది.

సైలెంట్ వ్యాలీ పథకాన్ని ప్రభుత్వం 1983లో విరమించుకుంది. 1984లో ఆ ప్రాంతాన్ని జాతీయ వనంగా ప్రకటించారు. ఈ విజయాన్ని నాటికలకు మాత్రమే ఆపాదించడం సరికాదు. శాస్త్రవేత్తల అధ్యయనాలు, పత్రికా రచనలు, న్యాయపోరాటం, కవుల కృషి అన్నీ ఇందులో ఉన్నాయి. అధ్యయనంలో తేలిన విషయాలను నిపుణుల మధ్యనే ఉంచక, ఊరి కూడలికి చేర్చే మార్గంగా కళాజాతా రూపొందింది. పరిషత్తుకు 1996లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది.

== దేశవ్యాప్త విస్తరణ ==

కేరళ నమూనాను అనుసరించి 1987లో భారత జన విజ్ఞాన జాతా జరిగింది. దేశంలోని ఐదు ప్రాంతాల నుండి బయలుదేరిన జాతాలు భోపాల్‌లో కలుసుకున్నాయి. 1984 డిసెంబరులో విషవాయువు వేలాదిమందిని బలిగొన్న నగరం అదే. ఆ మరుసటి సంవత్సరం, అనగా 1988లో, ఆంధ్రప్రదేశ్‌లో జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. విజ్ఞాన ప్రచారానికి ఈ సంస్థ కూడా కళాజాతాలను వినియోగించింది. ఊరూరా తిరిగి ప్రజా సమస్యలను ప్రదర్శించే పద్ధతి తెలుగువారికి 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి కాలం నుండి పరిచితమే.

== ఇతివృత్తం, నిర్మాణం ==

మంచి పర్యావరణ నాటికలో రెండు న్యాయమైన అవసరాల మధ్య ఘర్షణ ఉంటుంది. కొల్లేరు సరస్సు ఇందుకు తగిన ఉదాహరణ. 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సర్ గుర్తింపు పొందిన ఈ సరస్సులో 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లను తొలగించింది. సరస్సు నిలవాలన్నది ఒక అవసరం, చెరువులపై బ్రతికే కుటుంబాల జీవనోపాధి మరొక అవసరం. "సరస్సును కాపాడండి" అనే నినాదంలో రెండవ పక్షం కనిపించదు. నాటికలో గట్టు తెగిన చెరువు వద్ద నిలబడిన కూలీ కూడా ఒక పాత్ర అవుతాడు, అతనికీ మాట ఉంటుంది.

బ్రెజిల్ దేశీయుడు అగస్టో బోల్ (1931-2009) రూపొందించిన చర్చా నాటక పద్ధతి ఈ విషయంలో ఉపయోగకరమైనది. ఇందులో సమస్య పరిష్కారం కాకుండానే నాటిక ముగుస్తుంది. రెండవసారి ఆడునప్పుడు ప్రేక్షకులలో ఎవరైనా ఆపి, పాత్రధారి స్థానంలోకి వచ్చి, తామైతే ఏమి చేస్తారో చేసి చూపవచ్చును.

== అంతర్జాతీయ ప్రయత్నాలు ==

వాతావరణ మార్పుపై "క్లైమేట్ చేంజ్ థియేటర్ యాక్షన్" అనే కార్యక్రమం 2015లో మొదలై, 2017, 2019, 2021, 2023లలో కూడా జరిగింది. దీనిని ఎలేన్ అవిలా, షాంతాల్ బిలొడో, రొబెర్టా లెవిటో, కారిదాద్ స్విచ్ ప్రారంభించారు. వివిధ దేశాల రచయితలచే సుమారు ఐదు నిమిషాల నాటికలు వ్రాయించి, ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులు జరిగే కాలంలో ప్రదర్శించేవారికి వాటిని అందజేశారు. ప్రదర్శనతోపాటు ఏదైనా ఒక ఆచరణాత్మక కార్యక్రమం చేపట్టాలని నిర్వాహకులు ప్రోత్సహించారు.

== పరిమితులు, విమర్శలు ==

* అనేక నాటికలు సంభాషణల రూపంలోని ఉపన్యాసాలుగా మిగిలిపోతాయి. చెడ్డవాడు చెట్టు నరుకుట, మంచివాడు బోధించుట, చెడ్డవాడు మారుట అనే క్రమం ప్రేక్షకులకు ముందే తెలిసిపోతుంది.
* ప్లాస్టిక్ సంచి వాడిన గృహిణిని మందలించి, ఆ సంచిని తయారుచేసి అమ్మే వ్యవస్థను ప్రస్తావించని నాటికలు బాధ్యతను బలహీనులపైకి నెడతాయన్న విమర్శ కలదు.
* ప్రత్యామ్నాయం చూపకుండా అలవాటు మానుకొమ్మని చెప్పడం నిష్ప్రయోజనం. కేరళ పరిషత్తు నాటికలతో ఆగక, కట్టెలు ఆదా చేసే మెరుగైన పొయ్యిని కూడా ప్రచారంలోకి తెచ్చింది.
* ప్రదర్శన అనంతరం ఊరిలో చర్చ, అధ్యయనం కొనసాగనిచో ప్రభావం చప్పట్లతోనే ముగుస్తుంది.

== ఇవి కూడా చూడండి ==

* వీధి నాటకం
* ఏకాంకిక
* సైలెంట్ వ్యాలీ జాతీయ వనం
* జన విజ్ఞాన వేదిక
* కొల్లేరు సరస్సు