ఎనిమోన్‌కు ప్రవాహం: ఒక వాక్యానికి వ్యాఖ్య

రీఫ్ ట్యాంకు (పగడాలు, ఎనిమోన్‌ల వంటి సముద్రజీవులుండే ఉప్పునీటి తొట్టె) నడిపేవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే జాగ్రత్తలన్నీ కలిపితే దాదాపు ఈ ఒక్క వాక్యమవుతుంది: "ఎనిమోన్‌కు ఎప్పుడూ, మోస్తరుగా, దిశ మారుతూ, నేరుగా తగలకుండా ప్రవాహం కావాలి, చోటు దాన్నే ఎంచుకోనివ్వాలి." ఇందులో ప్రతి మాటా అవసరమే. చాలామంది మాత్రం 'మోస్తరుగా' దగ్గర ఆగి, పంపు పెట్టె మీది అంకె చూసుకుని పని అయిందనుకుంటారు. అందుకని వాక్యంలో ఉన్న వరుస విడిచి, అన్వయక్రమంలో ముందు ప్రవాహాన్నే తీసుకుంటాను.

ప్రవాహం. చేపకు మొప్పలున్నాయి, వాటి మీదుగా నీటిని అదే తోసుకుంటుంది. ఎనిమోన్‌కు మొప్పల్లేవు, గుండె లేదు, రక్తం లేదు. ఆక్సిజన్ పల్చని ఒంటిపొర గుండానే లోపలికి రావాలి. అయితే ఒంటిని అంటుకుని ఉన్న నీరు దాదాపు కదలదు. ఆ నిలిచిన పొరను దాటడానికి ఆక్సిజన్‌కు వ్యాపనం తప్ప దారి లేదు, అది చాలా నెమ్మది. చుట్టూ నీరు వేగంగా పారినకొద్దీ ఆ పొర పల్చబడుతుంది, శ్వాస తేలికవుతుంది. చన్నీటి సముద్రాల్లో పెరిగే మెట్రిడియం అనే ఎనిమోన్ మీద ప్యాటర్సన్, సెబెన్స్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి 1989లో ప్రచురించారు. కాబట్టి ట్యాంకు మొత్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా, నీరు కదలని మూలలో ఉన్న ఎనిమోన్‌కు అది అందకపోవచ్చు. ఇంకొక సంగతి: దీనికి తినడానికీ విసర్జించడానికీ ఉన్నది ఒకే నోరు. బయటికి కక్కిన గోధుమరంగు జిగురును పారే నీరు తీసుకుపోవాలి, లేకపోతే ఒంటి మీదే పేరుకుంటుంది.

ఎప్పుడూ. పగలు ఎనిమోన్ కణాల్లో కాపురముండే జూజాంథెల్లే అనే శైవలాలు వెలుతురుతో ఆక్సిజన్ తయారుచేస్తాయి. రాత్రి ఆ పని ఆగిపోతుంది, వాడకం ఆగదు. ఎర్రసముద్రపు క్లౌన్ చేపను, బబుల్ టిప్ ఎనిమోన్‌ను చీకట్లో పరిశీలించిన పరిశోధన 2013లో వెలువడింది. రెండూ కలిసి ఉన్నప్పుడు వాడిన ఆక్సిజన్, విడివిడిగా ఉన్నప్పటి మొత్తానికి 1.4 రెట్లు. చేప రాత్రంతా స్పర్శకాల మధ్య మసలుతూ, రెక్కలు ఆడిస్తూ నీటిని కదుపుతోంది. చేపే అంత శ్రమపడుతుంటే, దీపాలు ఆర్పగానే వేవ్ మేకర్‌ను (ట్యాంకులో నీటిని కదిపే పంపును) బాగా తగ్గించే 'నైట్ మోడ్' అలవాటు నాకు సరికాదనిపిస్తుంది. కాస్త తగ్గించవచ్చు గాని, ఆపకూడదు.

మన ఊళ్లలో కరెంటు కోత సంగతీ ఇక్కడే చెప్పాలి. వేసవిలో నీరు వేడెక్కినకొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. అదే వేళకు పంపులూ ఆగితే రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. ఇన్వర్టర్ మీద మొదట పెట్టవలసింది దీపాలు కాదు, నీటి పైతలాన్ని కదిపే ఒక వేవ్ మేకర్. అది లాగే కరెంటు కూడా తక్కువే. ఇన్వర్టర్ లేని ఇంట్లో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా ఉండాలి.

ఎనిమోన్‌కు. ఏ ఎనిమోన్‌కు? మాగ్నిఫికా రకం సముద్రంలో ఎండా అలా బాగా తగిలే రాతి కొనల మీద బతుకుతుంది; దానికి ఉరవడి కావాలి. హాడోనీ కార్పెట్ ఇసుకలో పాదం పాతుకుని ఉంటుంది. ఇసుకను లేపేసే ధార దాని పాదాన్ని బయటపెడుతుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించే బబుల్ టిప్ రాతి పగుల్లో పాదం దాచుకుని స్పర్శకాలు మాత్రమే బయటికి చాపుతుంది. కింది మాటలు దాన్ని ఉద్దేశించినవి.

మోస్తరుగా. గంటకు ట్యాంకు నీటికి 20 నుంచి 30 రెట్లు అని ఒక లెక్క వాడుకలో ఉంది. 200 లీటర్ల ట్యాంకుకు అది 4,000 నుంచి 6,000 లీటర్లు. పంపు కొనేటప్పుడు ఈ లెక్క చాలు. ఎనిమోన్ కూర్చున్న చోట ఏం జరుగుతోందో మాత్రం ఇది చెప్పదు. అడ్డంగా నిలిచిన రాయి ఒక్కటి చాలు, దాని వెనక అంత నీరూ నిలిచిపోతుంది. అంకె కంటే ఎనిమోన్ ఒళ్లే నమ్మకమైన సాక్షి. స్పర్శకాలు గాలికి ఊగే వరిచేనులా వంగి మళ్లీ లేస్తుంటే ప్రవాహం సరిపోయింది. అన్నీ ఒకే పక్కకు అణిగి, లేవకుండా ఉంటే, నోటి చుట్టూ ఉన్న పళ్లెం మడతపడితే ఎక్కువైంది. జిగురు, చెత్త స్పర్శకాల మధ్య నిలిచిపోతే తక్కువైంది. మేత వేసి చూడటం ఇంకా మంచి పరీక్ష: మంచు కరిగించిన మైసిస్ రొయ్య ముక్క తగిలిన చోట అంటుకోవాలి. పట్టుకునేలోపే కొట్టుకుపోతే పంపు తగ్గించాలి. వేగమే తెలియాలంటే, మేత నలుసు పది సెంటీమీటర్లు దాటడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. ఒక సెకను పడితే వేగం సెకనుకు పది సెంటీమీటర్లు.

దిశ మారుతూ. అల వస్తుంది, పోతుంది. ఒకే వైపు నుంచి ఆగకుండా పారే నీరు ఎనిమోన్ ఎదుటి పక్కను కడుగుతుంది, వెనక పక్కను వదిలేస్తుంది. ఎదురెదురు గోడలకు రెండు వేవ్ మేకర్లు పెట్టి వంతులవారీగా నడిపితే ఆ లోటు తీరుతుంది.

నేరుగా తగలకుండా. ధారను ఎదుటి గాజు మీదికో, నీటి పైతలం వైపో తిప్పాలి. తగిలి చెదిరిన నీరే ఎనిమోన్‌ను చేరాలి. సన్నని గొట్టంలోంచి వచ్చే ధార కంటే వెడల్పుగా తోసే ప్రొపెల్లర్ పంపు మేలు.

చోటు దాన్నే ఎంచుకోనివ్వాలి. మనం ఎంత చక్కని రాయి చూపించినా, నచ్చకపోతే పాదం మీద జరుగుతూ వెళ్లిపోతుంది. కొత్తగా దించినప్పుడు పాదం పట్టు దొరికేదాకా కొద్దిసేపు పంపులు ఆపవచ్చు. పట్టుకోగానే తిరిగి నడపాలి. అది తిరుగుతున్నన్ని రోజులు మనం పంపులను అటూ ఇటూ తిప్పకూడదు. రోజూ ప్రవాహం మారిపోతుంటే అది ఎక్కడని స్థిరపడుతుంది?

ఈ స్వేచ్ఛ ఇవ్వాలంటే ముందు పంపులకు కాపలా ఉండాలి. తిరిగే ఎనిమోన్ వేవ్ మేకర్‌లోకి లాగబడితే ముక్కలైపోతుంది, ఆ కుళ్లుకు నీరు చెడి మిగతా జీవాలు కూడా చావవచ్చు. మోటారు గాజు బయట ఉండే పంపులకైనా తిరిగే రెక్కలు లోపలే ఉంటాయి కాబట్టి వాటికీ స్పాంజి తొడుగు వేయాలి. నీరు సంప్‌లోకి (ట్యాంకు కింది వడపోత తొట్టెలోకి) దిగే దారికి జాలీ పెట్టాలి. తొడుగు పూడుకుపోతే ప్రవాహం సగానికి పడిపోయినా బయటికి తెలియదు, అందుకని వారానికోసారి తీసి కడగాలి.